భాగమ్మ గుట్టకు మోసిన బండలు

తాను కూలికి పోయిన గనిలో, అంచు చిట్లకుండా, నడుమ చీలకుండా, ఒక ఆడమనిషి చేత్తో లేచిన మొదటి బండ భాగమ్మది. ఈ మాట ముందు చెప్పుకోవాలి. తక్కిన గొప్పలన్నీ దాని తరువాతివే.

తాండూరు చుట్టుపక్కల నేలలో రాయి పరుపులు పరిచినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. పొరకూ పొరకూ మధ్య సందు చూసి ఉలి పెట్టి, సుత్తెతో కొట్టుకుంటూ పోయి, గడ్డపారతో ఎత్తితే బండ లేస్తుంది. చెప్పినంత తేలిక కాదు. ఎక్కడో ఒక దెబ్బ ఎక్కువ పడిందా, పొద్దంతా చేసిన పని పెంకులైపోతుంది. అందుకే బండ లేపడం మగవాళ్ళ పని, పగిలిన ముక్కలు తట్టలకెత్తి గట్టు మీద పోయడం ఆడవాళ్ళ పని అని ఎవరో ఎప్పుడో పెట్టేశారు. భాగమ్మ తట్ట మోస్తూనే ఆ సుత్తెల చప్పుడు విన్నది. బండ నిండుగా ఉంటే కంచు మోగినట్టు మోగుతుంది. లోపల చీలిక ఉంటే పగిలిన కుండ మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. వినీ వినీ ఆ తేడా ఆమె చెవికి పట్టుబడింది.

ఒకనాడు అన్నం వేళకు అందరూ నీడకు పోతే, మేస్త్రీ బాల్‌రాజ్ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“మేస్త్రీ, జర ఆ సుత్తె ఇయ్యి.”

“ఎందుకు, పెద్దయ్యను కొడ్తవా?”

“మా ఆయన కొట్టించుకునేటంత పని ఏం జెయ్యలే. బండ లేపుత.”

“పగిలితె?”

“పగిలితె రేపంత ఊకెనే తట్టలు మోస్త.”

బాల్‌రాజ్ నవ్వి సుత్తె ఇచ్చాడు. బండ పగిలింది. మరునాడు కూలి లేకుండా తట్టలు మోసింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ పగిలింది. ఆ ఎండాకాలమంతా అదే వరస. అరిచేతులు బొబ్బలెక్కాయి. ఇంట్లో మొగుడు పెద్దయ్య అలిగాడు, గనిలో తోటి ఆడవాళ్ళు ఎకసెక్కాలాడారు. తొలకరికి ముందు ఒక పొద్దున, ఆమె గడ్డపార కింద నిలువెత్తు నీలి బండ ఎక్కడా పెచ్చు ఊడకుండా లేచి నిలబడింది. బాల్‌రాజ్ దగ్గరికి వచ్చి దాన్ని సుత్తెతో తట్టాడు. కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

“భాగవ్వా, రేపటి సంది తట్ట ముట్టకు” అన్నాడు. అంతే, ఇంకేం మెచ్చుకోలేదు. ఆ ఒక్క మాటా ఆమెకు చాలింది.

ఆ బండ లారీ ఎక్కి హైదరాబాదు దిక్కు వెళ్ళిపోయింది. ఎవరింట్లో పడిందో తెలియదు. అప్పటి నుంచి భాగమ్మకు ఒక అలవాటు పట్టుకుంది. బస్టాండుకు పోయినా, దవాఖానకు పోయినా, చుట్టాల పెళ్ళికి ఫంక్షన్ హాలుకు పోయినా తల వంచి నేల చూస్తూ నడుస్తుంది. చూసినవాళ్ళు బిడియమనుకుంటారు. బిడియం కాదు, తన బండ ఎక్కడైనా కాలికింద తగులుతుందేమోనని చూపు.

ఆమె సాధించినవి ఇంకా ఉన్నాయి. ఊళ్ళో ప్రార్థన మందిరంలో పరిచినవన్నీ ఆమె లేపిన బండలే. ఇన్నేళ్ళయినా ఒక్కటి కదలలేదు, ఒక్కటి కుంగలేదు. కర్ణాటక హద్దు దాటి గనుల్లో పనికి వచ్చే సేడం, చించోళి వాళ్ళ దగ్గర కన్నడం నేర్చింది. అక్షరం రాదు గానీ ఆ భాషలో బేరమాడగలదు, తిట్టగలదు, ఏడ్చేవాళ్ళను ఊరడించగలదు. గని వదిలి పాలిష్ యూనిట్‌లో చేరినాక, మిషనెక్కే ప్రతి బండనూ ముందు ఆమె చేత మోగించి గానీ యజమాని ఈశ్వరయ్య సేటు లోపలికి పంపడు. ప్రతి దసరాకు ఆయుధపూజలో అంతంత మిషన్లు ఉండగా ఆమె పాత సుత్తెకే మొదటి బొట్టు. “నేను చర్చికి పోయేదాన్ని గద సేట్” అని ఆమె అంటే, “నువ్వు పో, సుత్తెను మాత్రం ఈడ ఉండనీ” అంటాడాయన. అన్నిటికంటే పెద్దది, ఒక్కగానొక్క బిడ్డ రెబెక్కను నర్సు చదివించింది. రెబెక్క ఇప్పుడు వికారాబాదులో పెద్ద దవాఖానలో పనిచేస్తోంది.

ఇన్ని గెలిచిన మనిషికి ఒక్క వెలితి ఉండేది. రెబెక్క ఆమెను ఏదీ అడగదు.

రావడానికి వస్తుంది. ఆదివారాలు భర్తనూ పిల్లలనూ వెంటబెట్టుకుని వికారాబాదు నుంచి తాండూరు బస్సు దిగుతుంది. పండ్లు తెస్తుంది, తల్లికి బీపీ చూస్తుంది, గోలీలు ఏ వేళకు ఏది మింగాలో చెప్తుంది. కానీ నాకు ఫలానాది వండిపెట్టు అనదు, పిల్లలను రెండు రోజులు ఉంచుకో అనదు. మొదటి కాన్పు తల్లిగారింట్లో కావాలని లోకమంతా అనుకుంటుంది. ఆ మాట కూడా రెబెక్క ఎత్తలేదు. “నువ్వు పరేషాన్ గాకు అమ్మా, ఈడ దవాఖాన ఉన్నది గద” అన్నది. రెండో కాన్పుకూ అంతే. ఇరుగుపొరుగు తల్లులు అదృష్టవంతురాలివే అన్నారు. భాగమ్మకు మాత్రం ఆ మర్యాద లోపల ఎక్కడో ఉలి పెట్టినట్టు ఉండేది.

చిన్నప్పుడు ఆ పిల్ల అట్లా కాదు. అడగడమే దాని పని. ఇంట్లో చూసేవాళ్ళు లేక భాగమ్మ పిల్లను గనికే తీసుకుపోయేది. గట్టు మీద రెండు కర్రలు రాళ్ళ సందున ఇరికించి, పాత చీర కప్పి, నాలుగు మూలలా నాలుగు బండ ముక్కలు పెట్టేది. ఆ నేలలో మేకు దిగదు. కందులు ఆరబోసిన పరదాకైనా, పెళ్ళింటి ముందు వేసిన షామియానాకైనా అక్కడివాళ్ళకు తెలిసిన ఉపాయం మూలలకు బండ ముక్క పెట్టడమే. ఆ చీర నీడలో కూర్చుని రెబెక్క లోతున ఉన్న తల్లిని చూస్తూ అరిచేది.

“అమ్మా, పైకొస్తవా?”

“గీ బండ లేవనీ బిడ్డా, వస్త.”

ఆ బండ లేచేది. దాని కింద ఇంకొకటి ఉండేది. గనిలో బండ కింద బండ ఎప్పుడూ ఉంటుంది. పొద్దు గూకేదాకా భాగమ్మ పైకి పోయేది కాదు. కొన్నాళ్ళకు పిల్ల పిలవడం మానేసింది. బుద్ధి వచ్చింది, తల్లి కష్టం తెలిసింది అని భాగమ్మ సంతోషపడింది కూడా. ఆ తరువాత నవాబుపేటలో హాస్టలు, ఆపైన నర్సింగు చదువు, పెళ్ళి. పిల్ల గొంతులోని ఆ అడగడం మాత్రం మళ్ళీ రాలేదు.

ఈ దసరా సెలవుల ముందు అల్లుడు ప్రేమ్‌సాగర్ ఫోన్ చేశాడు. అతను మోమిన్‌పేటలో బడిపిల్లలకు ఆటలు నేర్పే సారు. డేరాలన్నా అడవులన్నా ప్రాణం పెడతాడు.

“అత్తమ్మా, కర్ణాటకల కుద్రేముఖ్ అని పెద్ద గుట్టలున్నయి. సర్కారు కాపాడే అడవి. దాని పక్కన కాఫీ తోటల డేరా ఏస్కొని నాల్గొద్దులు ఉందామనుకుంటున్నం. మీరు గూడ రావాలె. పిల్లలు మీరు లేంది పోమంటున్నరు.”

“బిడ్డ ఏమన్నది?”

“ఏమంటది, సరే అన్నది.”

సరే అన్నది. రమ్మన్నది కాదు. ఆ రెండింటి మధ్య సందులో భాగమ్మ మనసు రెండు రోజులు సుత్తె లేకుండానే కొట్టుకుంది. పోతే బిడ్డకు అడ్డమేమో. పోకపోతే నాలుగు రోజులు బిడ్డ పక్కన ఉండే అవకాశం మళ్ళీ రాదేమో. పుట్టిన తరువాత ఆ పిల్లతో వరుసగా నాలుగు పగళ్ళు గడిపిన జ్ఞాపకమే ఆమెకు లేదు.

పెద్దయ్య అదే యూనిట్‌లో కాపలా. అతనికి సెలవు కుదరదు.

“పోయే, పోయి రా. నేను ఈడ రాజ్యమేల్త” అన్నాడు.

“తిండి ఎట్ల?”

“హోటల్ లేదా? నీ చేతి వంట దప్ప ఇంకో వంట తిని ఎన్నేండ్లాయె.”

భాగమ్మ జొన్నరొట్టెలు కట్టింది, పల్లీల పొడి దంచింది, మామిడి తొక్కు సీసాకెత్తింది. చివరికి యూనిట్ వెనక్కి వెళ్ళి, చదునైన బండ ముక్కలు నాలుగు ఏరి, ఒక్కొక్కటి తట్టి చూసి, గోనెసంచిలో చుట్టింది.

“ఏందే గా బరువు?” అన్నాడు పెద్దయ్య.

“డేరా అంటున్నరు గద. మూలలకు.”

“మంచిగ యాది జేసినవ్” అన్నాడు పెద్దయ్య. ఇద్దరిలో ఎవరికీ అందులో వింత కనిపించలేదు.

కారులో వెనక సీట్లో పిల్లల మధ్య కూర్చుంది. ఏడేళ్ళ మల్లిక ఒక పక్క, నాలుగేళ్ళ ఐజాక్ ఒళ్ళో. గుల్బర్గా దాటి, నల్లరేగడి దాటి, కన్నడ ఊళ్ళు ఒకటొకటే వెనక్కి పోతుంటే రెబెక్క ముందు సీట్లో నుంచి అప్పుడప్పుడు తిరిగి నీళ్ళ సీసా అందించేది. అంతకు మించి మాటలు లేవు. మరునాడు తెల్లారి కొండల్లోకి ఎక్కినాక భాగమ్మ కిటికీకి అతుక్కుపోయింది. పుట్టిన దగ్గర్నుంచి ఆమె చూసింది నేల కిందికి పోవడమే. ఇక్కడ నేల పైకి పోతోంది. పచ్చగడ్డి కప్పుకుని, మబ్బు తగిలేదాకా పోతోంది.

తోట యజమానురాలు “బన్ని, బన్ని” అని కన్నడంలో రమ్మంటూ ఎదురొచ్చింది. భాగమ్మ తన గుల్బర్గా యాస కన్నడంలో బదులిచ్చేసరికి ఆమె నోరు తెరిచి, తరువాత చెల్లెలు దొరికినట్టు చెయ్యి పట్టుకుంది. వేడినీళ్ళు వచ్చాయి, ఎండు కట్టెలు వచ్చాయి, అడగకుండానే పనసకాయ చిప్స్ వచ్చాయి. మాటల్లో ఆమె చెప్పింది, ఈ గుట్టల్లోనూ ఒకప్పుడు ఇనుము కోసం తవ్వారట, తరువాత తవ్వడం ఆపేశారట.

“ఆపిండ్రట అల్లుడా” అంది భాగమ్మ. గని ఆగడం కూడా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ప్రేమ్‌సాగర్ డేరా విప్పాడు. నేల ఎంత మెత్తగా ఉందంటే, కాలితో తొక్కితే మేకు దిగిపోయింది. భాగమ్మ గోనెసంచి విప్పింది.

“గివి ఏంది అత్తమ్మా?”

“డేరా మూలలకు.”

ప్రేమ్‌సాగర్ ఒక్క క్షణం ఆ ముక్కలను, ఒక్క క్షణం ఎదురుగా ఉన్న కొండనూ చూశాడు. కడుపు పట్టుకుని నవ్వుతూ గడ్డిలో కూలబడ్డాడు.

“తాండూరు నుంచి గుట్టలకు బండలు మోసుకొచ్చిండ్రా?”

“అమ్మమ్మా, గాడ చూడు, మస్తు రాళ్ళున్నయి” అంది మల్లిక.

“ఉంటె ఉండనీ. గవి మన బండలు గావు గద” అని భాగమ్మ కూడా నవ్వింది.

రెబెక్క ఒక్కతే నవ్వలేదు. ఆ నాలుగు ముక్కల వైపు నిలబడి చూసింది. పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. భాగమ్మ నవ్వు ఆపి ముక్కలను పక్కకు జరిపింది. మొగుని ముందు తల్లి మొరటుతనం బయటపడిందని బిడ్డకు నామోషీ అయిందనుకుంది. ‘సరే’ అన్న మాటకు వచ్చాను, ‘రా’ అన్న మాటకు రాలేదు అని తనను తానే దెప్పుకుంది.

రాత్రి గాలి వీచినా డేరా చెక్కుచెదరలేదు. అల్లుడి మేకులు గట్టివే. బండ ముక్కలతో అవసరమే పడలేదు. మరునాడు పిల్లలు వాటితో అంగడి ఆట ఆడారు. అడవి చూసొచ్చారు, గుర్రం మొహంలాంటి శిఖరం చూసొచ్చారు, వాగులో కాళ్ళు పెట్టి కేరింతలు కొట్టారు. రెబెక్క తల్లికి చెయ్యి అందిస్తూనే ఉంది, జారుతుంది చూసుకో అంటూనే ఉంది. భాగమ్మ మాత్రం బుధవారం పొద్దున తిరుగు ప్రయాణమని తలుచుకుని ఒక్కో పూటనూ నాలుక మీద బెల్లంముక్కలా కరిగిపోనివ్వకుండా పట్టుకుంది.

మంగళవారం ఉదయం వాగుకు పోయి స్నానం చేసి వస్తూ, తోట అంచున ఆమె ఆగిపోయింది.

అక్కడ రెండు కర్రలు. వాటి మీద రెబెక్క పాత నూలు చీర. కింద ఐజాక్ బోర్లా పడుకుని చీమలను చూస్తున్నాడు. చీర నాలుగు మూలలా నాలుగు బండ ముక్కలు. ముందరివి రెండూ చదునుగా, వెనకవి రెండూ గాలికి ఎదురుగా కొంచెం వాలుగా ఉన్నాయి. ఆ వాలు భాగమ్మ పెట్టేది. ఎవరికీ నేర్పలేదు. దాని కింద పడుకున్నవాళ్ళకు తప్ప తెలిసే వీలు లేదు.

“నీకు యాదికున్నదా బిడ్డా?”

రెబెక్క చీర అంచు సవరిస్తూ తల ఎత్తలేదు.

“ఎట్ల మర్స్త? నువ్వు సంచి విప్పినప్పుడే ఏడుపొచ్చింది. అందరు నవ్వుతుంటె ఏడుస్తె బాగుండదని పొయ్యి కాడికి పోయిన.” చీర వదిలి, “అమ్మా, నీ ఎడమ చెయ్యి ఇటియ్యి” అంది.

భాగమ్మ చెయ్యి చాచింది. ఆ బొటనవేలి గోరు ఎప్పుడో నలిగిపోయి, మళ్ళీ సరిగా మొలవలేదు.

“గప్పుడు నేను పైకొస్తవా అని పిలిచిన. నువ్వు తలెత్తి చూసినవ్. సుత్తె గీ ఏలు మీద పడ్డది. నెత్తురు చూసిన. బాల్‌రాజ్ తాత పైకొచ్చి, అమ్మ పని మీద ఉన్నప్పుడు పిలువద్దు బిడ్డా అన్నడు. గా దినం సంది పిలువలే.”

“గది నా చెయ్యి జారి పడ్డది గదే. నీ వల్ల గాదు, పిచ్చిదానా.”

“ఏమో. నేను ఏమన్న అడిగితె నీకు దెబ్బ తగుల్తదని మనసుల పడిపోయింది. నర్సునైనంక గూడ పోలే. మల్లిక పుట్టేటప్పుడు నిన్ను రమ్మనాలని ఎన్నిసార్లు అనిపించిందో. నోరు రాలే.”

భాగమ్మ వంగి ఒక బండ ముక్కను అంగుళం జరిపింది. మళ్ళీ అంగుళం వెనక్కి పెట్టింది. ఐజాక్ ఆమె కొంగు పట్టుకుని “చీమ పోయింది” అన్నాడు.

ఆ మధ్యాహ్నం తోట వెనక గడ్డిగుట్ట ఎక్కాలని ముందే అనుకున్నారు. పైనుంచి కొండల వరుసంతా కనిపిస్తుందట. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కాబట్టి భాగమ్మ కిందే ఉండాలనీ, పిల్లవాణ్ణి చూసుకోవాలనీ తీర్మానం. ఐజాక్ చీర నీడలో నిద్రపోయాడు. మిగిలిన ముగ్గురూ గుట్ట ఎక్కుతుంటే ఆమె చూస్తూ కూర్చుంది. మల్లిక ఎర్రగౌను, వెనక ప్రేమ్‌సాగర్, ఆ వెనక రెబెక్క. మొదటి మలుపు దగ్గర రెబెక్క నిలబడింది. ఇటు తిరిగింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

“అమ్మా, పైకొస్తవా?”

పాత జవాబు భాగమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె చుట్టూ చూసింది. లేపాల్సిన బండ ఏదీ లేదు. ఉన్న నాలుగూ చీర మూలల మీద వాటి పని అవి చేసుకుంటున్నాయి.

“వస్త” అంది. వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా, “వస్తన్న” అంది.

ప్రేమ్‌సాగర్ పరుగున కిందికి దిగివచ్చాడు. “మీరు పోండ్రి అత్తమ్మా, బాబు కాడ నేనుంట” అంటూ తన చేతికర్ర ఇచ్చాడు.

భాగమ్మ ఎక్కింది. గడ్డి జారుతుంటే కర్ర ఊతగా, ఊపిరి నిలుపుకుంటూ ఎక్కింది. మొదటి మలుపు చేరేసరికి మోకాలు ఇక వంగనని మొండికేసింది. రెబెక్క ఎదురొచ్చి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“ఇంక ఎంతున్నది?” అని అడిగింది భాగమ్మ.

“సగం గూడ కాలే అమ్మమ్మా” అంది మల్లిక.

రెబెక్క తల్లి మోకాలు నొక్కి చూసింది. “వాపొచ్చింది. ఇయ్యాల ఇంక వద్దు.”

“రేపు పొద్దుగాల బయలెల్లాలె గద.”

పైన మబ్బు కమ్మి గుట్ట శిఖరం కనపడకుండా పోయింది. రెబెక్క చాలాసేపు గడ్డిపోచ తెంపుతూ కూర్చుంది. తరువాత, కొత్తగా నడక నేర్చినదానిలా ఒక్కో మాటా పెట్టుకుంటూ అడిగింది.

“అమ్మా, నాకోసం ఇంక రెండు దినాలు ఉంటవా? జర జర ఎక్కుదాం.”

ఇన్నేళ్ళుగా భాగమ్మ చెవి ఒగ్గి వెతుకుతున్న మోత అదే. ఎక్కడా చీలిక లేదు. నిండుగా పలికింది.

“ఉంట బిడ్డా” అంది.

సాయంత్రం తోట యజమానురాలి వరండాలో సిగ్నల్ దొరికితే పెద్దయ్యకు ఫోన్ చేసింది.

“ఏమే, రేపు వస్తనంటివి?”

“రాను.”

“ఏమైంది?”

“బిడ్డ ఉండుమన్నది.”

అటువైపు పెద్దయ్య కుర్చీలో నుంచి లేచిన చప్పుడు వినిపించింది. “అల్లుడన్నడా, రెబెక్కనే అన్నదా?”

“రెబెక్కనే. నోరిడిసి అడిగింది.”

“అయితె ఉండు. ఉండు, ఉండు. నా ఫికర్ పెట్టుకోకు. హోటల్ల ఉప్మా గడ్డివోలె ఉన్నది గని తింటున్న.” గొంతు సవరించుకుని, “బండలు పనికొచ్చినయా?” అన్నాడు.

“వచ్చినయి. గివి మల్ల తేను. ఈడ తోటామె బట్టలుతుక్కునే కాడ ఏసి వస్త. గా మొదటి బండ ఏడ పోయిందో ఎరుక లేకపాయె. గివి ఏడున్నయో నాకెరుకుంటది.”

గురువారం దసరా. యూనిట్‌లో మిషన్లు కడిగి, మామిడాకులు కట్టి, అన్నిటికంటే ముందు పీట మీద పాత సుత్తె పెట్టారు. ఈశ్వరయ్య సేటు కుంకుమ గిన్నె పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

“పెద్దయ్యా, సుత్తె ఉన్నది, సుత్తె మనిషి ఏది?”

“గుట్ట ఎక్కుతున్నది సేట్.”

“గుట్ట మీద గూడ బండలు లేపుతున్నదా?”

“లేదు సేట్, ఈడికెల్లి తీస్కపోయింది.”

సేటు నవ్వి సుత్తెకు బొట్టు పెట్టాడు. పూజ అయినాక పెద్దయ్య దాన్ని తుడిచి, భాగమ్మ రోజూ కూర్చునే చోట బండ మీద ఆనించాడు. అప్పటికి గుట్ట మీద రెండో మలుపు దాటారని మల్లిక ఫోన్‌లో చెప్పింది. చివరంటా ఎక్కిందీ లేనిదీ భాగమ్మ చెప్పడం లేదు, వచ్చి చెప్తానంటోంది. పెద్దయ్య ఇల్లు ఊడ్చాడు, బిందెలు నింపాడు, ఇక హోటల్ ఉప్మా ముట్టనని పక్కవాళ్ళకు చాటాడు, గేటు దగ్గర కుర్చీని రోడ్డు కనపడేటట్టు తిప్పి వేసుకున్నాడు. కారు తాండూరు చేరాల్సింది 2025 అక్టోబర్ 3, శుక్రవారం రాత్రికి.